పిల్లలకు వర్షారణ్యాల గురించి చెప్పబోయే ముందు

చిట్టితల్లీ,

మీ క్లాసు పిల్లలకి వారమంతా వర్షారణ్యాల పాఠమే చెబుతావని మీ అమ్మ అంది. పొంగిపోయాను. వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది, అందుకే ఈ ఉత్తరం.

మ్యాపులో అమెజాన్, కాంగో, బోర్నియో చూపించడం, అడవి అంతస్తుల బొమ్మ గీయించడం నీకు ఒకరు చెప్పక్కర్లేదు. ఎండ నేలదాకా నూటికి రెండు పాళ్లే చేరుతుందని చెప్పేటప్పుడు మాత్రం కిటికీలు మూసెయ్యి. మాటల కన్నా చీకటే బాగా చెబుతుంది.

నా భయమల్లా ఆ అరిగిపోయిన పాఠం గురించే. 'అమెజాన్ భూమికి ఊపిరితిత్తులు, మన ఆక్సిజన్‌లో 20 శాతం అక్కడిదే' అని ఇప్పటికీ పోస్టర్ల మీద కనిపిస్తుంది. అది తప్పమ్మా. అడవి తయారుచేసే ఆక్సిజన్‌ని దాదాపు అంతా ఆ చెట్లూ, రాలిన ఆకుల్ని కుళ్ళబెట్టే శిలీంధ్రాలూ సూక్ష్మజీవులే వాడేసుకుంటాయి. మనం పీల్చేది కోట్ల ఏళ్లుగా గాలిలో పోగుపడినది. ఒకసారి వేరే టీచర్ ఈ పాఠం చెబుతుంటే నేను వెనక బెంచీలో కూర్చున్నాను. "మరి రాత్రిళ్ళు చెట్లు ఏం పీలుస్తాయి టీచర్?" అని ఓ పిల్ల అడిగింది. ఎంత మంచి ప్రశ్న! "సిలబస్‌లో లేనివి అడక్కు, కూర్చో" అని జవాబు. ఆ పిల్ల పెన్నుకి మూత పెట్టేసింది. గంట కొట్టేదాకా మళ్ళీ తియ్యలేదు.

ఊపిరితిత్తుల మాట లేకపోతే పాఠం చప్పబడుతుందనుకోకు. అడవి తన వానని తనే కురిపించుకుంటుందని చెప్పు. అమెజాన్‌లో పడే వానలో దాదాపు సగం ఆ అడవి తిరిగి గాల్లోకి వదిలిన తేమేనని బ్రెజిల్ శాస్త్రవేత్త ఎనియాస్ సలాతి 1970లలోనే తేల్చాడు. చెట్లు కొట్టేస్తే నీడే కాదు, వానా పోతుంది.

అమెజాన్ అడవిలో పెరిగే బ్రెజిల్ నట్ చెట్టు కథ తప్పకుండా చెప్పు. ఆ పువ్వు రేకులు ఎంత బిగువుగా మూసుకుని ఉంటాయంటే, బలమైన పెద్ద తేనెటీగలే దూరగలవు. కాయ రెండు కిలోలదాకా తూగుతుంది, పెంకు రాయిలా ఉంటుంది. దాన్ని కొరికి తెరిచేది ముఖ్యంగా అగౌటీ, కుందేలంత ఉండే ఎలుక జాతి జంతువు. కొన్ని గింజలు తిని, కొన్ని పాతిపెట్టి, మర్చిపోతుంది. మర్చిపోయినవే మొక్కలవుతాయి. మతిమరుపు మంచిదే అని పిల్లలు హోంవర్కుకి వాడుకుంటారు, జాగ్రత్త!

తగలబడే అడవి ఫోటోలు మొదటి రోజే చూపించావంటే మాత్రం ఊరుకోను. పసివాళ్ళకి నిద్ర పట్టదు. ముందు ఇష్టం పుట్టనీ. తర్వాత పశువుల మేతకోసం ఎంత అడవి నరుకుతున్నారో దాచకుండా చెప్పు. అక్కడ తరతరాలుగా మనుషులూ బతుకుతున్నారనీ, వాళ్ళ చేతిలో ఉన్న భూముల్లో నరుకుడు తక్కువనీ కూడా చెప్పు.

జవాబు తెలియని ప్రశ్న వస్తే బోర్డు మీద ఓ మూల రాసిపెట్టి, రేపు చూసి చెబుతానను. నీకు చిన్నప్పట్నుంచీ గొంతు తొందరగా బొంగురుపోతుంది. అరవకు, గోరువెచ్చని నీళ్ళు దగ్గర పెట్టుకో. పిల్లలు ఏం అడిగారో నాకు రాయి.

మీ పెద్దమ్మ