గుండెపోటు తర్వాత కోచ్ ఉద్యోగం: రాజీనామాకు ముందు చూసుకోవలసిన లెక్కలు

ప్రశ్న: మావారికి 52 ఏళ్లు. వృత్తిరీత్యా ఫుట్‌బాల్ కోచ్. రెండు నెలల క్రితం ప్రాక్టీసు చేయిస్తుండగా గుండెపోటు వచ్చింది, స్టెంటు వేశారు. ఇప్పుడు కోలుకుంటున్నారు. క్లబ్బుతో కాంట్రాక్టు ఇంకా రెండు సీజన్లు ఉంది. పెద్దబ్బాయి కాలేజీలో, అమ్మాయి స్కూల్లో చదువుతున్నారు. ఇంటి అప్పు ఇంకో తొమ్మిదేళ్లు కట్టాలి. నాకు ఉద్యోగం లేదు. ఆయన మళ్లీ చేరతానంటున్నారు, నాకేమో భయంగా ఉంది. రాజీనామా చేయమని పట్టుబట్టవచ్చా? చేస్తే ఇల్లు గడుస్తుందా?

జవాబు: మీ భయంలో అతిశయం ఏమీ లేదు. అయినా నా అభిప్రాయం ముందే చెబుతాను. మీవారు ఇప్పుడు రాజీనామా చేయకూడదు, అలాగని పాత పద్ధతిలోనే తిరిగి పనిలో చేరకూడదు కూడా. ఆయన శరీరం ఈ పనిని తట్టుకుంటుందా లేదా అన్నది గుండె వైద్యుడు తేల్చాలి. తట్టుకోదని వైద్యుడు చెబితే ఆ మాట వినగలిగే స్థితిలో ఇల్లు ఉందా లేదా అన్నది మీరిద్దరూ తేల్చుకోవాలి. ఈ రెండోది తేలకుండా వైద్యుడి దగ్గరికి వెళ్తే, అప్పు వాయిదాలూ కాలేజీ ఫీజులూ మనసులో మెదులుతుండగా మనిషి తన ఆయాసాన్ని తక్కువ చేసి చెబుతాడు. అందుకే ఇంటి లెక్కను మీవారి వైద్యంలో ఒక భాగంగా చూడమని కోరుతున్నాను.

రాజీనామా ఎందుకు వద్దంటున్నానో వివరిస్తాను. ఫుట్‌బాల్ కోచ్‌ల కాంట్రాక్టులు సాధారణంగా నిర్ణీత కాలానికి రాసుకున్నవి. క్లబ్బు తగిన కారణం చూపకుండా మధ్యలో తొలగిస్తే, మిగిలిన కాలానికి జీతమో, ముందే ఒప్పుకున్న పరిహారమో చెల్లించవలసి ఉంటుంది. కోచ్ తనంతట తాను వెళ్లిపోతే ఆ హక్కు సాధారణంగా పోతుంది, కొన్ని కాంట్రాక్టులలో ఆయనే క్లబ్బుకు ఎదురు చెల్లించాలన్న నిబంధన కూడా ఉంటుంది. వీటికి తోడు అనారోగ్యం వల్ల పని చేయలేని పరిస్థితి గురించి ప్రత్యేకంగా రాసిన నిబంధన ఉండవచ్చు. ఎన్ని వారాలు లేదా నెలలు వరుసగా గైరుహాజరైతే క్లబ్బు ఒప్పందాన్ని ముగించవచ్చో, ఆ లోగా పూర్తి జీతం ఇస్తారో సగమే ఇస్తారో, ముగించాక ఏమిస్తారో అందులో ఉంటుంది. మీ ఇంట్లో ఇప్పుడు అన్నిటికంటే విలువైన కాగితం అదే. దాన్ని ఉద్యోగ ఒప్పందాలు తెలిసిన న్యాయవాది చేత చదివించండి. క్లబ్బు అధికారులు ఆప్యాయంగా ఫోన్ చేసి ‘తొందరేం లేదు, నెమ్మదిగా రండి’ అన్న మాటను నమ్మవద్దని నేను చెప్పను, కానీ ఆ మాటను తేదీలతో, జీతం వివరాలతో రాతపూర్వకంగా తీసుకోండి. మాట ఇచ్చిన అధికారి సీజన్ ముగిసేసరికి ఆ కుర్చీలో ఉండకపోవచ్చు.

ఆసుపత్రి నుంచి వచ్చిన తొలి రోజులలో తీసుకునే నిర్ణయాలు నిలకడగా ఉండవు. అమెరికన్ కళాశాల ఫుట్‌బాల్‌లో ఫ్లోరిడా జట్టు కోచ్ అర్బన్ మేయర్ 2009 డిసెంబరులో ఛాతీ నొప్పితో ఆసుపత్రి పాలయ్యాక, ఆరోగ్య కారణాలతో తప్పుకుంటున్నట్లు ప్రకటించి, మర్నాడే దాన్ని సెలవుగా మార్చుకున్నారు. మరుసటి సీజన్ చేసి 2010 డిసెంబరులో నిజంగానే తప్పుకున్నారు. ఆ స్థాయి వ్యక్తికి మాట మార్చుకునే అవకాశం యాజమాన్యం ఇచ్చింది. మామూలు కోచ్ ఒకసారి ఇచ్చిన రాజీనామా లేఖను వెనక్కి తీసుకోవడం అంత తేలిక కాదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు లివర్‌పూల్ మేనేజర్ (అంటే ప్రధాన కోచ్) జెరార్డ్ హూలియేది. 2001 అక్టోబరులో మ్యాచ్ విరామ సమయంలో ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది, బృహద్ధమని, అంటే గుండె నుంచి శరీరానికి రక్తాన్ని తీసుకెళ్లే ప్రధాన రక్తనాళం, చిరిగిందని తేలి అత్యవసరంగా సుదీర్ఘమైన శస్త్రచికిత్స చేశారు. సుమారు ఐదు నెలల పాటు సహాయకుడు ఫిల్ థాంప్సన్ జట్టును నడిపించగా, హూలియే 2002 మార్చిలో తిరిగి వచ్చారు. పదవి ఆయనదే, బాధ్యత తాత్కాలికంగా మరొకరిది. మీవారు కోరవలసింది సరిగ్గా ఇలాంటి ఏర్పాటే. అయితే ఆ కథ అక్కడితో ముగియలేదని కూడా గుర్తుంచుకోవాలి. 2011లో మరో ఇంగ్లండ్ క్లబ్బు ఆస్టన్ విల్లా మేనేజర్‌గా ఉండగా ఆయన మళ్లీ ఆసుపత్రిలో చేరి, ఆ సీజన్ ముగిశాక పదవి వదులుకున్నారు. కాబట్టి ఇప్పుడు బాగా కోలుకున్నా, మరోసారి ఆపవలసి రావచ్చన్న అంచనాతోనే మీ ప్రణాళిక సాగాలి.

ఇక బీమా. ఇక్కడ జరిగే నష్టాన్ని తర్వాత పూడ్చుకోలేరు కనుక దీని మీద కాస్త ఎక్కువ సమయం పెట్టండి. మీ కుటుంబపు ఆరోగ్య బీమా, మీవారి జీవిత బీమా క్లబ్బు ఇచ్చిన గ్రూప్ పాలసీల కిందే ఉంటే, ఉద్యోగంతో పాటే అవీ పోవచ్చు. గుండెపోటు వచ్చిన 52 ఏళ్ల మనిషికి కొత్త పాలసీ దొరకడం కష్టం; దొరికినా ప్రీమియం పెరుగుతుంది, లేదా గుండె జబ్బుకు మినహాయింపు పెడతారు. ఉద్యోగం వదిలేటప్పుడు గ్రూప్ పాలసీని వ్యక్తిగత పాలసీగా మార్చుకునే వీలు కొన్ని కంపెనీలు ఇస్తాయి, దానికి గడువు మాత్రం చాలా తక్కువగా ఉంటుంది. అలాగే అనారోగ్యం వల్ల ఆదాయం ఆగితే నెలనెలా చెల్లించే పాలసీ ఏదైనా ఆయన పేరిట ఉందేమో వెతకండి. ఉంటే అందులో ‘పని చేయలేకపోవడం’ అన్నదానికి ఇచ్చిన నిర్వచనం చూడండి. తన సొంత వృత్తి చేయలేకపోతే చాలునని రాస్తే, కోచింగ్‌కు పనికిరారన్న వైద్యుడి ధ్రువపత్రం సరిపోవచ్చు. ఏ ఉద్యోగమూ చేయలేకపోతేనే అని రాస్తే, కుర్చీలో కూర్చుని చేసే పని చేయగలరన్న కారణంతో క్లెయిము తిరస్కరించవచ్చు. ఇలాంటి క్లెయిము ఉద్యోగంలో ఉండగానే మొదలు కావాలి. రాజీనామా చేసి ఆ తర్వాత అడిగితే, ఆదాయం ఆగింది జబ్బు వల్ల కాదు, మీ ఇష్టం వల్లేనని వాదించే అవకాశం కంపెనీకి మీరే ఇచ్చినట్లవుతుంది.

ఇల్లు గడుస్తుందా అన్న ప్రశ్నకు మీ అంకెలు లేకుండా అవుననో కాదనో చెప్పలేను గానీ, లెక్క ఎలా వేయాలో చెప్పగలను. బోనస్‌లను పూర్తిగా పక్కన పెట్టండి, గెలుపు మీద ఆధారపడిన డబ్బుతో నెల ఖర్చు నడపకూడదు. తప్పనిసరి ఖర్చులు, అంటే అప్పు వాయిదా, చదువులు, మందులు, ప్రీమియంలు, ఇంటి నిత్యావసరాలు మాత్రమే కూడి నెలకు ఎంతవుతుందో చూడండి. చేతిలో ఉన్న, మార్కెట్ పడినా విలువ తగ్గని పొదుపును ఆ మొత్తంతో భాగిస్తే ఎన్ని నెలలు వస్తాయో అదే మీకున్న స్వేచ్ఛ. అది ఆరు నెలల లోపు ఉంటే ఇంకా ప్రమాదంలోనే ఉన్నట్లు. పద్దెనిమిది నెలలు దాటితే, వైద్యుడు ఏం చెప్పినా మీరు నిబ్బరంగా వినగలరు. అందువల్ల ఈ సెలవు కాలంలో జీతం వస్తున్నంత కాలం అప్పును ముందుగా తీర్చే ప్రయత్నం చేయవద్దు, ఆ డబ్బును చేతికందేలా నిల్వ చేయండి. అప్పు ఇచ్చినవారితో కాలవ్యవధి పెంచి వాయిదా తగ్గించే విషయం మాట్లాడాలంటే కూడా ఆదాయం ఉన్న ఈ రోజుల్లోనే మాట్లాడాలి. వడ్డీ కొంత ఎక్కువ పడుతుంది, ఈ పరిస్థితిలో అది భరించదగినదే.

మీ లేఖలో లేని మూడో దారి ఒకటి ఉంది. ప్రధాన కోచ్ పదవిని వదిలి యువ జట్ల శిక్షణకో, ఆటగాళ్ల ఎంపికకో, సలహాదారు పాత్రకో మారడం. మీవారు దీన్ని అవమానంగా భావించవచ్చు కనుక అంకెలతోనే మాట్లాడండి. ఇప్పటి వార్షిక జీతాన్ని 100 అనుకుందాం. ఇదే ఒత్తిడిలో నాలుగేళ్లు పని చేసి ఆపవలసి వస్తే వచ్చేది 400. సగం జీతానికి పన్నెండేళ్లు పని చేయగలిగితే 600. భవిష్యత్తులో వచ్చే డబ్బు విలువను ఏటా 5 శాతం చొప్పున తగ్గించి చూసినా మొదటిది సుమారు 355, రెండోది సుమారు 443. నాలుగేళ్లు, పన్నెండేళ్లు అన్నవి నా ఊహలే. మీ వైద్యుడితో మాట్లాడాక మీకు నిజమనిపించే సంఖ్యలు పెట్టి చూడండి.

ఈ దారిలో నడిచి మళ్లీ శిఖరానికి చేరిన వ్యక్తి గ్యారీ కూబియాక్. అమెరికన్ ఫుట్‌బాల్‌లో హ్యూస్టన్ టెక్సన్స్ కోచ్‌గా ఉండగా 2013 నవంబరులో మ్యాచ్ విరామ సమయంలో మైదానంలోనే కుప్పకూలారు. మెదడుకు రక్తప్రసరణ కొద్దిసేపు ఆగిందని వైద్యులు తేల్చారు. జట్టు వరుసగా ఓడిపోతుండటంతో డిసెంబరు మొదటి వారంలోనే ఆయనను తొలగించారు. 2014లో బాల్టిమోర్ రేవెన్స్‌లో ప్రధాన కోచ్ కింద పని చేసే బాధ్యత స్వీకరించి, 2015లో డెన్వర్ బ్రాంకోస్ ప్రధాన కోచ్ అయ్యి, 2016 ఫిబ్రవరిలో ఆ ఆటలో సీజన్ విజేతను తేల్చే ఫైనల్ సూపర్ బౌల్ గెలిచారు. అదే ఏడాది అక్టోబరులో ఆరోగ్యం మళ్లీ దెబ్బతినడంతో 2017 జనవరిలో ప్రధాన కోచ్ పదవి నుంచి విరమించుకున్నారు. చిన్న పాత్ర తీసుకున్నంత మాత్రాన ఆయన గౌరవం తగ్గలేదని మీవారికి చెప్పండి. కుప్పకూలిన మనిషిని క్లబ్బు నెల దాటిన కొద్ది రోజులకే ఎలా తొలగించిందో కూడా చెప్పండి.

ఒక్క సందర్భంలో మాత్రం నేను ఇప్పటిదాకా చెప్పిన జాగ్రత్తలన్నీ పక్కన పెట్టమంటాను. ఈ పని కొనసాగిస్తే ప్రాణానికి ముప్పని గుండె వైద్యుడు స్పష్టంగా రాసిస్తే, పొదుపు ఎన్ని నెలలకు సరిపోతుందన్న లెక్క చూడవద్దు. ఆ మర్నాటి నుంచి ఆయన మైదానంలో ఉండకూడదు. అప్పుడు కూడా చేయవలసింది వైద్య కారణాలతో సెలవు పెట్టి, ఒప్పందం ముగింపు గురించి న్యాయవాది ద్వారా మాట్లాడటమే.

మీ గురించి కూడా ఒక మాట. మీకు చదువు, ఓపిక, కోరిక ఉంటే ఏదైనా పనికి సిద్ధం కావడం ఇప్పుడే మొదలుపెట్టండి. మీరు తెచ్చే చిన్న జీతం కూడా పైన చెప్పిన నెలల సంఖ్యను బాగా పెంచుతుంది. బ్యాంకు ఖాతాలు, పాలసీలు, పెట్టుబడులలో నామినీగా మీ పేరు ఉందో లేదో, వాటి వివరాలు మీకు తెలుసో లేదో మీవారితో కూర్చుని ఈ వారంలోనే సరిచూసుకోండి. వీలునామా లేకపోతే రాయించండి. ఆయన క్లబ్బుకు తిరిగి వెళ్లే తేదీ ఖరారు కాకముందే ఈ పనులు పూర్తి కావాలి.