సర్జన్ బదులు నర్స్ ప్రాక్టీషనర్ చూస్తే సరిపోతుందా?

అమెరికా వచ్చిన నాన్నగారికి నడిస్తే పిక్కలు పట్టేస్తున్నాయని, రక్తనాళాల క్లినిక్‌లో నర్స్ ప్రాక్టీషనర్ చూశారని రాశారు. టెన్షన్ పడకండి. 1965లో కొలరాడో యూనివర్సిటీలో మొదలైన వృత్తి ఇది. నర్సింగ్ మీద మాస్టర్స్ లేదా డాక్టరేట్ చేస్తారు, మందులు రాస్తారు. ఆపరేషన్ మాత్రం సర్జన్‌దే.

శ్రద్ధగా చూసేవారైతే ముందు సాక్స్ విప్పిస్తారు. వేళ్ల సందుల్లో పుండ్లు వెతుకుతారు, పాదం మీద నాడి పట్టి చూస్తారు. చేతి దగ్గర, చీలమండ దగ్గర బీపీ కొలిచి, చీలమండ అంకెను చేతి అంకెతో భాగిస్తారు. 0.90 లేదా అంతకంటే తక్కువ వస్తే కాలి ధమనులు ఇరుకైనట్టే. షుగర్ ఏళ్ల తరబడి ఉంటే ధమనులు గట్టిపడి ఈ అంకె బాగానే ఉన్నట్టు కనిపించొచ్చు. నాన్నగారికి షుగర్ ఉంటే కాలి బొటనవేలి ప్రెషర్ కూడా చూడమని తప్పకుండా అడగండి.

నాకు బాగా నచ్చేది, "మీరు ఎక్కడిదాకా నడవాలనుకుంటున్నారు?" అని ఆయన్నే అడగడం. గుడిదాకా అంటే అదే లక్ష్యం. నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్లీ నడవాలి. 30 నుంచి 45 నిమిషాలు, వారానికి కనీసం 3 సార్లు, 12 వారాలపాటు. సిగరెట్ ఉంటే మానాల్సిందే. చాలామందికి స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) కూడా రాస్తారు.

కదలకుండా ఉన్నా పాదం నొప్పి పెడుతున్నా, పుండు మానకపోయినా సర్జన్‌కు వెంటనే చూపించమనండి. కాలు ఉన్నట్టుండి చల్లబడి పాలిపోతే 911కి ఫోన్ చేయండి.