బారిస్టర్ కావాలంటే ఆక్స్‌ఫర్డ్‌లోనే చదవాలా?

ప్రశ్న: గుంటూరు నుంచి వచ్చి రెడింగ్‌లో స్థిరపడ్డాం. మా అమ్మాయికి బారిస్టర్ కావాలని పట్టుదల. ఆక్స్‌ఫర్డ్‌లో సీటు రాలేదు, లీస్టర్‌లో లా సీటు వచ్చింది. ఒక ఏడాది ఆగి మళ్లీ ఆక్స్‌ఫర్డ్‌కు ప్రయత్నించమని నేను, అక్కర్లేదని తను. పెద్ద యూనివర్సిటీ పేరు లేకపోతే ఈ వృత్తిలో పైకి రాలేరా? రేపు ఇండియాలో ప్రాక్టీసు చేయాలన్నా ఈ చదువు పనికొస్తుందా?

జవాబు: యూనివర్సిటీ పేరుతో పనేం లేదంటే మిమ్మల్ని మభ్యపెట్టినట్టే అవుతుంది. చదువులో అసమానతల మీద పనిచేసే సటన్ ట్రస్ట్ అనే సంస్థ 2019లో లెక్క తీస్తే సీనియర్ జడ్జిల్లో 71 శాతం మంది ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల్లో చదివినవాళ్లే. అయితే వాళ్లు డిగ్రీ చేసి దశాబ్దాలు దాటింది. మీ అమ్మాయి విషయంలో ఆ పేరు ఎక్కడ పని చేస్తుంది, ఎక్కడ చేయదు అన్నది చూడాలి.

నిబంధన ప్రకారమైతే ఏ యూనివర్సిటీ అయినా ఒకటే. డిగ్రీలో కనీసం టూ-టూ, అంటే సెకండ్ క్లాసులో కింది శ్రేణి, ఉంటే బారిస్టర్ శిక్షణ ఇచ్చే బార్ కోర్సులో చేరవచ్చు. అసలు ఇరుకు ఆ తర్వాత వస్తుంది. కోర్సు అయ్యాక ఏదైనా ఛాంబర్స్‌లో, అంటే బారిస్టర్లు కలిసి నడుపుకునే ఆఫీసులో, సీనియర్ దగ్గర ఏడాది పని నేర్చుకోవాలి, దాన్నే ప్యూపిలేజ్ అంటారు. అవి ఏటా ఇంచుమించు ఐదారు వందలే ఉంటాయి, ఆశపడేవాళ్లు అంతకు ఎన్నో రెట్లు. రెండు సీట్లకు వందల దరఖాస్తులు వస్తే, ఛాంబర్స్‌లోని బారిస్టర్లే వాటిని చదివి మార్కులు వేస్తారు: చదువుకు ఇన్ని, వాదనా పటిమకు ఇన్ని, ఈ వృత్తి మీద ఆసక్తికి ఇన్ని అని. యూనివర్సిటీ పేరు బలంగా పని చేసేది ఇక్కడే. కొన్ని ఛాంబర్స్ ఆ పేరు కనపడకుండా తీసేసి చదివిస్తాయి, కానీ అన్నీ అలా చేయవు.

వడపోత దాటాక కథ వేరు. ఇంటర్వ్యూలో ఒక కాగితం చేతికిస్తారు. ముద్దాయి ఎవరు, కేసేమిటి, పాత కేసులేమున్నాయి అన్నది అందులో ఉంటుంది. పది పదిహేను నిమిషాల్లో చదివి, ఎదురుగా కూర్చున్న ముగ్గురు నలుగురు బారిస్టర్ల ముందు బెయిల్ కోసం వాదించాలి. మధ్యలో ఆపి అడ్డు ప్రశ్నలు వేస్తారు. ఆ గదిలో తడబడకుండా వాదన నిలబెట్టుకున్నవాళ్లే గెలుస్తారు. ఛాంబర్స్‌లో స్థిరపడ్డాక అయితే, కేసులు పంపే సొలిసిటర్లు (కక్షిదారు ముందుగా కలిసే లాయర్లు) పోయినసారి పని ఎలా చేశారన్నదే చూస్తారు.

ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. కమర్షియల్, చాన్సరీ (ఆస్తులు, ట్రస్టులు, వీలునామాల వంటివి) కేసులు చూసే పెద్ద ఛాంబర్స్‌లో కొన్ని ప్యూపిలేజ్ ఏడాదికే 80 వేల పౌండ్లు దాటి ఇస్తాయి. అక్కడ ఫస్ట్ క్లాస్, పేరున్న యూనివర్సిటీ రెండూ ఉన్నవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. క్రిమినల్, ఫ్యామిలీ, ఇమిగ్రేషన్ వైపు డబ్బు చాలా తక్కువ, కానీ అక్కడ వాదించిన అనుభవానికి విలువెక్కువ. ఒక సాయంత్రం అమ్మాయితో కూర్చుని మొదటి రకానికి వన్ ఎసెక్స్ కోర్ట్, రెండో రకానికి గార్డెన్ కోర్ట్ ఛాంబర్స్ వెబ్‌సైట్లు తెరవండి. గత ఐదేళ్లలో చేరినవాళ్లు ఎక్కడ చదివారో, అంతకుముందు ఏం చేశారో చదవండి. తనకు ఎలాంటి పని ఇష్టమో తేలితే మీ ఇద్దరి వాదన సగం తీరుతుంది.

నా మాట అడిగితే, లీస్టర్‌కు పంపండి. ఏడాది ఆగడమనేది, ఏ-లెవెల్ (మన ఇంటర్ లాంటిది) ఫలితాలు అనుకున్నదానికంటే బాగా వచ్చి, తనకే ఆ కోరిక ఉంటేనే. అక్టోబరు 15 లోపు దరఖాస్తు, మళ్లీ ఎల్‌నాట్ అనే లా ప్రవేశ పరీక్ష, మళ్లీ ఇంటర్వ్యూ. ఇష్టం లేకుండా ఆ టెన్షన్ మోయించకండి. పైగా ఆక్స్‌ఫర్డ్ తలుపు మూసుకుపోలేదు. బ్రిటన్ ప్రధాని పదవి దాకా వెళ్లిన కీర్ స్టార్మర్ లీడ్స్‌లో లా డిగ్రీ చేసి, తర్వాత ఒక్క ఏడాది ఆక్స్‌ఫర్డ్‌లో బీసీఎల్ అనే లా పైచదువు చదివి, 1987లో బారిస్టర్ అయ్యారు. లీస్టర్‌లో ఫస్ట్ తెచ్చుకుంటే మీ అమ్మాయీ ఆ దారి ప్రయత్నించవచ్చు. ఎన్నో పేరుమోసిన కేసులు వాదించిన మైకేల్ మాన్స్‌ఫీల్డ్ కీల్‌లో చదివారు, అదీ చరిత్ర, తత్వశాస్త్రం.

ఈ మూడేళ్లలో మాత్రం ఒక్క సెలవూ వృథా కానివ్వొద్దు. మూటింగ్ (ఉత్తుత్తి కోర్టు వాదనల) పోటీలు, ఛాంబర్స్‌లో కొద్దిరోజులు ఉండి పని చూసే మినీ ప్యూపిలేజ్‌లు, తగిన శిక్షణ అయ్యాక ఫ్రీ రిప్రజెంటేషన్ యూనిట్ అనే ఉచిత న్యాయసహాయ సంస్థ ద్వారా ట్రిబ్యునల్లో పేదవాళ్ల తరఫున వాదించడం, ఇవన్నీ దరఖాస్తులో యూనివర్సిటీ పేరు లోటును పూడ్చేవే.

డబ్బు దగ్గర మాత్రం గట్టిగా చెబుతున్నాను. పిల్ల మీద ప్రేమతో మనవాళ్లు ఇంటి మీద అప్పు తీసుకుని మరీ బార్ కోర్సు ఫీజు కట్టేస్తారు. 15 వేల పౌండ్ల పైమాటే కావచ్చు. తొందరపడకండి. బారిస్టర్ కావాలంటే చేరాల్సిన సంఘాలు నాలుగు, వాటిని ఇన్స్ అంటారు. లింకన్స్ ఇన్, గ్రేస్ ఇన్, ఇన్నర్ టెంపుల్, మిడిల్ టెంపుల్ నాలుగూ స్కాలర్‌షిప్పులు ఇస్తాయి, కోర్సుకు ముందు ఏడాది నవంబరు మొదట్లోనే దరఖాస్తు చేయాలి. నాలుగిట్లో ఒకదానికే పెట్టాలి. ప్యూపిలేజ్‌కు కూడా డిగ్రీ ఆఖరి ఏడాదిలోనే ప్రయత్నించవచ్చు. అదో ఇదో చేతికొచ్చాక ఫీజు కట్టండి. ముందే కోర్సు ముగిస్తే ఐదేళ్లలోపు ప్యూపిలేజ్ మొదలుపెట్టాలన్న గడువు మీద పడుతుంది.

ఇక ఇండియా మాట. రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా ఉన్న టంగుటూరి ప్రకాశం పంతులు గారికి హైకోర్టులో వాదించాలంటే లండన్ వెళ్లి బారిస్టర్ కావడమే దారి అయింది. ఇప్పుడు ఆ బిరుదుతో నేరుగా తెలంగాణ హైకోర్టులోనో అమరావతిలోనో నిలబడటం కుదరదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన విదేశీ డిగ్రీ ఉండాలి, కౌన్సిల్ పెట్టే అర్హత పరీక్ష రాయాలి, మూడేళ్ల డిగ్రీ అయితే అదనపు కోర్సు కూడా చేయాల్సి రావచ్చు. ఆ ఆలోచన నిజంగా ఉంటే, సీటు ఖాయం చేసుకునే ముందే ఆ జాబితాలో లీస్టర్ డిగ్రీ ఉందో లేదో కౌన్సిల్‌కు రాసి కనుక్కోండి.