సింపులా, కాంప్లెక్సా: డీఎస్సీకి చదువుతున్న అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

అమ్మలూ,

నువ్వు పంపిన మోడల్ పేపర్ ఫొటో చూశాను. టెన్సులు, ఆర్టికల్సు బాగానే చేశావు. ఇంగ్లీషు వాక్యం సింపులా, కాంపౌండా, కాంప్లెక్సా అని గుర్తుపట్టమనే బిట్ల దగ్గరే మార్కులు పోతున్నాయి. వాక్యం పొడుగ్గా ఉంటే కాంప్లెక్స్ అనీ, మధ్యలో 'అండ్' కనిపిస్తే కాంపౌండ్ అనీ టిక్కు పెట్టేస్తున్నావు. ఆ రెండు అలవాట్లూ ఇవాళే మానెయ్యి.

ముందు పెన్సిల్ తీసుకుని క్రియల కింద గీత పెట్టు. అన్ని క్రియలకూ కాదు, కాలం చూపించే ఫైనైట్ వెర్బులకు మాత్రమే. 'గోస్', 'వెంట్', 'ఈజ్', 'వర్' లాంటివి లెక్కలోకి వస్తాయి. 'టు గో', 'గోయింగ్', 'హ్యావింగ్ గాన్' రావు. 'హాజ్ బీన్ వర్కింగ్' అని మూడు మాటలున్నా అది ఒకటే. గీత ఒక్కటే పడిందా, అది సింపుల్. "ఇన్ స్పైట్ ఆఫ్ ద హెవీ రెయిన్, ది ఓల్డ్ మ్యాన్ వాక్డ్ టు ద మార్కెట్ టు బై మెడిసిన్స్ ఫర్ హిజ్ వైఫ్." లైనంతా నిండింది, అయినా ఫైనైట్ వెర్బు 'వాక్డ్' ఒక్కటే.

మన తెలుగు మీడియం పిల్లలకు అసలు చిక్కు ఇక్కడుంది. బళ్ళో తెలుగు వ్యాకరణం బాగా చదివినవాళ్ళే ఎక్కువ తప్పుతారు. "రాము అన్నం తిని బడికి వెళ్ళాడు" అంటే 'తిని' అనే అసమాపక క్రియ ఉంది కాబట్టి సంశ్లిష్ట వాక్యం అని నేర్చుకున్నాం. సంశ్లిష్టం అంటే కాంప్లెక్సే కదా అని అదే సూత్రం ఇంగ్లీషుకు తగిలిస్తాం. కానీ "హ్యావింగ్ ఈటెన్ హిజ్ మీల్, రాము వెంట్ టు స్కూల్" సింపుల్. 'హ్యావింగ్ ఈటెన్' అసమాపకమే, అందుకే లెక్కలోకి రాదు. అదే "ఆఫ్టర్ హి హాడ్ ఈటెన్, రాము వెంట్ టు స్కూల్" అంటే 'హాడ్' వచ్చింది, గీతలు రెండయ్యాయి, కాంప్లెక్స్ అయింది. ఇంకోటి చూడు. "సీత, గీత అక్కాచెల్లెళ్ళు" మనకు సంయుక్త వాక్యం. "సీత అండ్ గీత ఆర్ సిస్టర్స్" ఇంగ్లీషులో సింపుల్. ఆ 'అండ్' రెండు పేర్లను కలిపింది, రెండు వాక్యాలను కాదు. పరీక్ష హాల్లో తెలుగు వ్యాకరణాన్ని కాసేపు గేటు బయట ఉంచు.

గీతలు రెండు పడితే అప్పుడు కలిపే మాట చూడు. అక్కడ వాక్యాన్ని తెంపి, రెండు ముక్కలూ విడివిడిగా చదువు. రెండూ సొంతంగా నిలబడితే కాంపౌండ్. 'అండ్', 'బట్', 'ఆర్', 'నార్', 'యెట్', 'సో' ఆ పని చేస్తాయి. "బికాజ్ ఇట్ వాజ్ డార్క్" లాగా ఒక ముక్క "అయితే ఏంటట?" అనిపించేలా ఆగిపోతే కాంప్లెక్స్.

'సో' దగ్గర తొందరపడకు. "ఇట్ వాజ్ లేట్, సో వి లెఫ్ట్" కాంపౌండ్. "హి స్పోక్ సో ఫాస్ట్ దట్ నోబడీ అండర్‌స్టుడ్" కాంప్లెక్స్. 'ఆఫ్టర్' కూడా అంతే: 'ఆఫ్టర్ లంచ్'లో క్రియే లేదు. కలిపే మాట అసలు కనపడని వాక్యాలూ ఇస్తారు. "ద పెన్ యు గేవ్ మి ఈజ్ లీకింగ్" అంటే మధ్యలో 'దట్' దాక్కుంది. గీతలు పెట్టే అలవాటుంటే 'గేవ్', 'ఈజ్' రెండూ దొరికిపోతాయి.

"హి ఫినిష్డ్ హిజ్ వర్క్ అండ్ వెంట్ హోమ్" గురించి అడిగావు. కర్త ఒకడే, క్రియలు రెండు. దీన్ని సింపుల్ అనే పుస్తకాలున్నాయి. మన దగ్గర క్లాసుల్లో చెప్పేది, గైడ్లలో ఉండేది మాత్రం కాంపౌండ్ అనే. నీకు కావలసింది మార్కు కాబట్టి వాదన మానేసి కాంపౌండ్ పెట్టు.

రోజూ బిట్లు చెయ్యడం కన్నా ఒకే సంగతిని మూడు రకాలుగా రాయడం నయం. "ఇన్ స్పైట్ ఆఫ్ హిజ్ ఫీవర్, హి కేమ్." "హి హాడ్ ఫీవర్, బట్ హి కేమ్." "దో హి హాడ్ ఫీవర్, హి కేమ్." ఇలా చేత్తో రాస్తే ట్రాన్స్‌ఫర్మేషన్ ప్రశ్నలూ అందులోనే తేలిపోతాయి.

గీతలు మూడు పడితే కంగారు పడకు. "ద లైట్స్ వెంట్ ఆఫ్ వెన్ వి వర్ ఈటింగ్, సో వి లిట్ ఎ క్యాండిల్"లో 'వెన్' ఉంది, 'సో' కూడా ఉంది. అది కాంపౌండ్-కాంప్లెక్స్.

నువ్వు తప్పు పెట్టినవన్నీ ఇలా గీతలు పెట్టి మళ్ళీ చేసి, ఆ ఫొటోలు పంపు. ఆదివారం ఫోన్లో కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ