ఆ మెడల్ మీ ఆయనదా అంటారు మేయ్

పాపా,

మిలిటరీ నర్సుగా నీకు పోస్టింగ్ ఆర్డర్ వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే ఏడుపు, సంతోషమో భయమో నాకైతే అర్థం కాలా. 1971లో నేను కలకత్తా మిలిటరీ ఆసుపత్రిలో నర్సుగా ఉన్నప్పుడు మా అమ్మా చిత్తూరులో ఇట్లనే ఏడ్చిందంట, ఫోన్లు లేవు కాబట్టి నాకు వినపడలా అంతే.

నర్సింగ్ నాలుగేండ్లు చదివినావు, ఆ పని నాకంటే నీకే బాగా తెలుసు. పుస్తకంలో లేనివి రెండు మూడు చెప్తా. పాకిస్తాన్‌తో ఆ యుద్ధం డిసెంబర్ 3న మొదలై 16న అయిపోయిందంటారు, మా వార్డులో మాత్రం ఎండాకాలం దాకా అయిపోలా. మందుపాతర తొక్కినోళ్ళే జాస్తి. బూటు లాగితే వాళ్ళ ప్రాణం పోయినంత పనయ్యేది, అందుకని పక్కనించి తోలే కత్తిరించేవాళ్ళం, ఆ కత్తెరకి కాసిన కాయ ఇప్పటికీ నా బొటనవేలి మీద ఉంది, ఈసారి వస్తే చూపిస్తా. రక్తం ఆగేదానికి కట్టు బిగించిన టైము నుదుటి మీద రాసి పంపేవాళ్ళు, మొహం తుడిచేటప్పుడు అది చెరిపేస్తే మా మేట్రన్ చంపేసేది.

ఒక పుంగనూరు పిల్లోడు నాలుగు రోజులు ఎవరితో మాట్లాడలా. నేను పోయి "ఏమబ్బోడా, సంగటి కావాల్నా" అన్నా, అంతే, గోడవైపు తిరిగి ఏడ్చినాడు, ఆ రాత్రి గంజి తాగినాడు. హిందీ ఎట్లాగూ వస్తాది, దాంతోపాటు నాలుగు భాషల్లో "ఇంటికి జాబు రాయాల్నా" అని అడగడం నేర్చుకో. పట్టుబడిన అవతలి సిపాయిలూ వస్తే వస్తారు, వాళ్ళకీ అదే దూది అదే సూది.

పెళ్లి సంగతి నీ ఇష్టం. పెళ్లైతే మిలిటరీ నర్సు ఉద్యోగం పీకేయొచ్చని 1977లో రూలు పెట్టినారు, 1995లో గానీ తీయలా. 1988లో అట్లా తీసేసిన ఒకామెకి 60 లక్షలు కట్టమని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. నేనైతే ఉద్యోగమే అన్నా, ఆ మదనపల్లె అబ్బాయి ఇంకెవర్నో చేసుకున్నాడు, పోనీలే, గురక పెడతాడంట.

ముఖ్యమైంది కాగితాలు. మన ఇంటిపేరు ముందు రాస్తాం కదా, అక్కడోళ్ళు దాన్నే నీ పేరనుకుంటారు. టెన్త్ సర్టిఫికెట్, ఆధార్, కమిషన్ కాగితం (నిన్ను ఆఫీసరుగా తీసుకున్నట్టు ఇచ్చేది) మూడింట్లో పేరు ఒకే మాదిరి ఉందా అని చేరిన రోజే చూసుకో. ఒక అక్షరం తేడాకి నేను రెండేండ్లు ఒక ఆఫీసు చుట్టూ తిరిగినా, అక్కడ కూర్చున్నాయన "భర్త పేరు, ఆయన మిలిటరీ నంబర్ చెప్పండమ్మా" అని మూడుసార్లు అడిగినాడు.

మొన్న ఆగస్టు 15కి, ఆ 1971 యుద్ధంలో పనిచేసినందుకు నాకిచ్చిన సంగ్రామ్ మెడల్ పెట్టుకోని పోతే ఇంకొకాయన "సారుదా అమ్మా" అన్నాడు. ముందైతే నవ్వి ఊరుకునేదాన్ని. ఇప్పుడు నా ర్యాంకు చెప్పి, ఆయన సెల్యూట్ కొట్టేదాకా అట్లనే చూస్తా నిలబడతా.

రేణిగుంటలో రైలెక్కే ముందు ఫోన్ చెయ్, మామిడితాండ్ర తెస్తా.

మీ అవ్వ