చిన్న పాఠశాలలో చేర్పించే ముందు పిల్లల నోటుపుస్తకాలు చూడండి

ప్రశ్న: మా అమ్మాయి ఐదో తరగతి పూర్తి చేస్తోంది. బొమ్మలు వేయడమన్నా, పురుగులను గమనించడమన్నా ప్రాణం. ఆరు నుంచి ఎనిమిది వరకే తరగతులున్న ఒక చిన్న ప్రైవేటు పాఠశాలలో సైన్సుకు, కళలకు ప్రాధాన్యమిస్తారని విన్నాం. తరగతికి 12 మందే ఉంటారట. అక్కడ చేర్పిస్తే పై చదువులకు ఇబ్బంది అవుతుందా?

జవాబు: సైన్సు, కళలు కలిసి నేర్పడం వల్ల మీ అమ్మాయి చదువుకు నష్టమేమీ ఉండదు. మెదడులోని నాడీకణాల అమరికను వివరించినందుకు 1906లో నోబెల్ బహుమతిని పంచుకున్న స్పెయిన్ శాస్త్రవేత్త శాంటియాగో రామోన్ ఇ కహాల్ చిన్నప్పుడు చిత్రకారుడు కావాలనుకున్నారు. సూక్ష్మదర్శినిలో చూసినదాన్ని ఆయన చేత్తో గీసిన చిత్రాలను శాస్త్రవేత్తలు నేటికీ పరిశీలిస్తారు. చూసినదాన్ని ఉన్నదున్నట్టు గీయాలంటే ముందు నిదానంగా చూడటం రావాలి, ఆ అలవాటు సైన్సుకూ పునాదే.

అయితే ఆ పాఠశాల ఈ రెంటినీ నిజంగా కలిపి నేర్పుతోందా, లేక ప్రకటనల్లోనే కలుపుతోందా అన్నది మీరు స్వయంగా తేల్చుకోవాలి. వెళ్లినప్పుడు ప్రయోగశాలకన్నా ముందు ఏడో తరగతి పిల్లల నోటుపుస్తకాలు నాలుగైదు అడిగి చూడండి. మొలకెత్తుతున్న చిక్కుడు గింజ బొమ్మ అందరి పుస్తకాల్లోనూ ఒకేలా ఉంటే, అది నల్లబల్ల మీది బొమ్మను దించుకున్నదే. ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉండి, పక్కన తేదీలు, మిల్లీమీటర్లలో కొలతలు, కొట్టివేసి మళ్లీ గీసిన గీతలు కనిపిస్తే, అక్కడ పిల్లలు గింజను చూశారని నమ్మవచ్చు. నా దృష్టిలో ఇంతకు మించిన ఆధారం లేదు.

12 మందే ఉండటం వల్ల ఉపాధ్యాయులు ప్రతి బిడ్డనూ గమనించగలుగుతారు. కానీ స్నేహితురాలితో మాట పట్టింపు వస్తే మారడానికి మరో సెక్షన్ ఉండదు, ఉన్న ఒక్క సైన్సు ఉపాధ్యాయురాలు మానేస్తే ఆ పాఠాలు ఏడాది మధ్యలోనే ఆగిపోయే ప్రమాదమూ ఉంటుంది. కాబట్టి గత మూడేళ్లలో ఎవరు వెళ్లారు, వారి స్థానంలో ఎంతకాలానికి కొత్తవారు వచ్చారు అని మొహమాటపడకుండా అడగండి. పాఠశాలకు ప్రభుత్వ గుర్తింపు ఉందని చూపే పత్రాల సంగతి కూడా అప్పుడే చూసుకోండి.

పై తరగతుల విషయంలో నేను జాగ్రత్త పడమనేది గణితం గురించే. తరగతులు ఎనిమిదితో ఆగిపోతాయి కనుక మీ అమ్మాయి తొమ్మిదిలో కొత్త పాఠశాలకు వెళ్లక తప్పదు. ప్రాజెక్టుల హడావిడిలో భిన్నాలు, బీజగణితం వెనకబడితే ఆ లోటు బయటపడేది అక్కడే. ఎనిమిది పూర్తిచేసి వెళ్లిన పిల్లల తల్లిదండ్రులు ఇద్దరితో మాట్లాడి, తొమ్మిదిలో మొదటి మూడు నెలలు ఎలా గడిచాయో కనుక్కోండి.

ఇవన్నీ సరిగా ఉన్నాయనిపిస్తే, మీ అమ్మాయిని ఒక పూర్తిరోజు అక్కడి తరగతిలో కూర్చోనివ్వమని కోరండి. సాయంత్రం "నచ్చిందా" అని కాకుండా, "ఈరోజు నువ్వేం అడిగావు, వాళ్లేం చెప్పారు" అని అడగండి.