సూదికి జడిసి స్కాన్‌కి వెళ్తానంటే ఎలా?

ప్రశ్న: నా వయసు 45. మాది సోంపేట దగ్గర పల్లె. జీడిపప్పు పరిశ్రమలో పిక్కలు ఒలిచే పనికి వెళ్తాను. నాలుగు నెలల కిందట ఎడమ రొమ్ములో గోలీకాయంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. అల్ట్రాసౌండ్ తీసి ‘బైరాడ్స్ 4బి’ అని రాశారు, ముక్క పరీక్ష చేయించుకోమన్నారు. సూది గుచ్చితే గడ్డ రేగిపోతుందని మా వదిన వద్దంది. మా పిన్ని ఇదే జబ్బుతో 38 ఏళ్లకే పోయింది. అందుకే సూది జోలికి పోకుండా ఎంఆర్ఐ చేయించుకుందామనుకుంటున్నాను. అందులో రేడియేషన్ ఎక్కువా? ఆ ఇంజెక్షన్‌తో కిడ్నీలు పాడవుతాయా? పుస్తెలు, ముక్కుపుడక తీయాల్సిందేనా? నడుంనొప్పికి వాడే మాత్రలు ఆ రోజు వేసుకోవచ్చా?
– ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

సలహా: మీరు అడిగినవాటికి కింద జవాబు చెప్తాను. ముందు మీరు అడగనిది. ‘నాలుగు నెలల కిందట’ అన్న మాట, ‘నడుంనొప్పికి వాడే మాత్రలు’ అన్న మాట నాకు ఎంఆర్ఐ కన్నా ఎక్కువ గుబులు పుట్టిస్తున్నాయి.

బైరాడ్స్ అంటే రొమ్ము స్కాన్‌లో అనుమానం ఎంత ఉందో చెప్పే అంకెల వరస. అందులో 4బి అంటే క్యాన్సర్ అని తేల్చినట్టు కాదు. అయ్యే అవకాశం నూటికి 10 నుంచి 50 వరకు ఉందని అర్థం. అంటే కానిదే అయి ఉండే అవకాశమూ బాగానే ఉంది. కానీ 4 అనే అంకె వేశాక ‘కొన్నాళ్లు చూద్దాం’ అనడానికి లేదు, ముక్క తీసి చూడాల్సిందే. ఆరు నెలలు ఆగి మళ్లీ స్కాన్ చేసి చూడొచ్చనేది 3 వేసినప్పటి మాట. నొప్పి లేదు కదా అని ధైర్యం తెచ్చుకోకండి. రొమ్ము క్యాన్సర్ గడ్డలు చాలావరకు మొదట్లో నొప్పి పెట్టవు. పిన్నిగారి సంగతి తెలిసి కూడా నాలుగు నెలలు ఊరుకున్నారంటే, కోప్పడకుండా ఉండలేకపోతున్నానమ్మా.

ఇక ఎంఆర్ఐ. ఎంత మంచి మెషీన్ మీద తీసినా సూది పరీక్షకి అది బదులు కాదు. బొమ్మ స్పష్టంగా రావడానికి నరంలోకి ఇచ్చే కాంట్రాస్ట్ మందు పట్టుకుని గడ్డ తెల్లగా వెలిగితే క్యాన్సర్ కావచ్చు, ఫైబ్రోఅడినోమా అనే క్యాన్సర్ కాని మామూలు గడ్డ కూడా కావచ్చు. రెండూ వెలుగుతాయి. మందు ఎంత వేగంగా ఎక్కింది, ఎంత వేగంగా దిగింది అని గ్రాఫ్ గీస్తారు. గబగబా ఎక్కి గబగబా దిగితే అనుమానం పెరుగుతుంది, అంతే. అది తీర్పు కాదు. ఇంకోవైపు, కొన్ని తొలిదశ క్యాన్సర్లు సరిగ్గా వెలగవు, మామోగ్రామ్‌లో కనిపించే సన్నటి సున్నపు చుక్కలు ఎంఆర్ఐలో దాదాపు కనిపించవు. కాబట్టి ఎంఆర్ఐ ‘బాగుంది’ అన్నా మీ 4బి రద్దు కాదు. వేలకు వేలు పోసి స్కాన్ తీయించుకున్నా తిరిగి సూది దగ్గరికే రావాలి.

ఆ సూది సంగతి కూడా చెప్తాను. దాన్ని కోర్ బయాప్సీ అంటారు. తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, సాధారణంగా 14 గేజ్ సూదితో అగ్గిపుల్లంత సన్నటి ముక్కలు నాలుగైదు తీస్తారు. అరగంట లోపు పని. అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. రెండు మూడు రోజులు కమిలినట్టు ఉంటుంది. గుండెకి ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. ‘గడ్డ రేగుతుంది’ అనేది మన పల్లెల్లో పాతుకుపోయిన భయం. ఈ పరీక్ష వల్ల రోగి ఆయుష్షు తగ్గిందనడానికి ఆధారం లేదు. అసలే ముదిరిన గడ్డకి ఆలస్యంగా సూది వేసి, తర్వాత మనిషి పోతే, నింద సూది మీద పడుతుంది. తీసిన ముక్కని ల్యాబ్‌కి మీ చేతికే ఇచ్చి పంపిస్తే, సీసాలో ఫార్మలిన్ (ముక్క చెడకుండా కాపాడే ద్రవం) పోశారో లేదో అడగండి. ఉత్త సెలైన్‌లో వేసుకుని బస్సులో విశాఖ దాకా తీసుకెళ్తే, క్యాన్సర్ అయితే దానికి ఏ మందు పనిచేస్తుందో తేల్చడానికి తర్వాత చేయాల్సిన ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షలు చెడిపోతాయి.

రెండు రొమ్ములకీ మామోగ్రామ్, ఎడమవైపు చంకలో అల్ట్రాసౌండ్, ఆపైన ముక్క పరీక్ష. మీ వరకు వరస ఇది. తర్వాత ఎంఆర్ఐ అవసరం పడొచ్చు, పడకపోవచ్చు. క్యాన్సర్ అని తేలి, గడ్డ ఎంతమేర ఉందో, రెండోవైపు ఏమైనా ఉందో చూడాలన్నా, ఆపరేషన్‌కి ముందే కీమో ఇస్తూ గడ్డ కరుగుతోందా అని చూడాలన్నా అప్పుడు రాస్తారు. పిన్నిగారు చిన్న వయసులో పోయారు కాబట్టి జన్యు పరీక్ష మాట కూడా మీ డాక్టర్‌తో ఎత్తండి. రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే బీఆర్‌సీఏ జన్యులోపం ఉన్న కుటుంబాల్లో ఆడపిల్లలకి పాతికేళ్ల నుంచే ఏటా ఎంఆర్ఐ సూచిస్తారు. ఈ స్కాన్ అసలు విలువ అలాంటివాళ్లలోనే.

రేడియేషన్ ఉండదు. ఎంఆర్ఐ పనిచేసేది అయస్కాంతం, రేడియో తరంగాలతో.

కిడ్నీల గురించి మీరు అడిగిన ప్రశ్న మంచిది. కాకపోతే అనుమానం తప్పు మందు మీద పెట్టుకున్నారు. స్కాన్‌లో ఇచ్చేది గాడోలినియం మందు. సీటీ స్కాన్‌లో ఇచ్చే అయోడిన్ మందు వేరు. మామూలు మోతాదులో గాడోలినియం ఆరోగ్యంగా ఉన్న కిడ్నీని పాడుచేయదు. బాగా దెబ్బతిన్న కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే చర్మం, కీళ్లు బిగుసుకుపోయే అరుదైన జబ్బు రావచ్చని 2006లో బయటపడింది. ఇప్పుడు వాడే గాడోబ్యుట్రాల్, గాడోటెరేట్ లాంటి మందులతో ఆ ముప్పు చాలా చాలా తక్కువ. అయినా ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే లెక్క) 30 కన్నా తక్కువుంటే కిడ్నీ డాక్టర్‌ని అడగకుండా ఇవ్వకపోవడమే మంచిది. డయాలసిస్ మీద ఉన్నవాళ్లయితే స్కాన్ అయిన వెంటనే డయాలసిస్ జరిగేలా టైం చూసుకుంటారు.

మీది కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానం ప్రాంతం. అక్కడి కిడ్నీ జబ్బు కాళ్లవాపు, మూత్రంలో నురగ లాంటి గుర్తులు పెద్దగా చూపించకుండానే ముదురుతుంది. ‘నాకేం లేదు’ అనుకునే మనిషికి కూడా రక్తపరీక్ష చేస్తే క్రియాటినిన్ (కిడ్నీల పని తగ్గితే రక్తంలో పెరిగే వ్యర్థం) పెరిగి ఉంటుంది. అంకె చిన్నగా కనిపించి మోసం చేస్తుంది కూడా. 45 ఏళ్ల స్త్రీకి క్రియాటినిన్ 1.5 అంటే ఈజీఎఫ్ఆర్ 43 దగ్గర ఉన్నట్టు, 2.2 అంటే 30 కన్నా కిందికి పోయినట్టు. అందుకే ల్యాబ్‌లో క్రియాటినిన్ ఒక్కటే కాకుండా ఈజీఎఫ్ఆర్ లెక్క కూడా రాసిమ్మనండి.

నడుంనొప్పి మాత్రలు ‘ఆ రోజు వేసుకోవచ్చా’ అన్నారు. ఆ రోజు మాట అలా ఉంచండి, ఎవరు రాసిచ్చారు అవి? రోజంతా కూర్చుని పిక్కలు ఒలిచేవాళ్లకి నడుం పట్టేయడం మామూలే. సాయంత్రం మందుల షాపుకి వెళ్లి ‘ఒళ్లునొప్పులకి ఇవ్వండి’ అంటే కాగితం పొట్లంలో రెండు మూడు రంగుల మాత్రలు కట్టిస్తారు. వాటిలో డైక్లోఫినాక్ గానీ ఎసిక్లోఫినాక్ గానీ ఉంటుంది, ఒక్కోసారి స్టెరాయిడ్ కూడా. అట్ట లేని మాత్ర, పేరు తెలియని మాత్ర నోట్లో వేసుకోకండి. ఉద్దానం జబ్బుకి మూలం ఏమిటో పూర్తిగా తేలలేదు గానీ, ఉన్న జబ్బుని ఈ నొప్పిమాత్రలు తొందరగా ముదరబెడతాయన్నది తేలిన విషయమే. స్కాన్‌లో ఒక్కసారి ఎక్కించే పది మిల్లీలీటర్ల మందుకి భయపడి, ఏడాదిలో 200 రోజులు ఈ మాత్రలు మింగడం ఏం లెక్క? నొప్పిమాత్రలు ఇవాళే ఆపేయండి. పొట్లంలో స్టెరాయిడ్ ఉందేమో మాత్రం వెంటనే డాక్టర్‌కి చూపించండి, చాలాకాలం వాడిన స్టెరాయిడ్‌ని ఒక్కసారిగా మానకూడదు. నొప్పికి పారాసిటమాల్ 500 సరిపోతుందేమో దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో అడగండి. మాత్రలు మానేశాక ఒకటి రెండు వారాలకి క్రియాటినిన్ మళ్లీ చూపించుకోండి, ఎందుకంటే వీటివల్ల అది తాత్కాలికంగా పెరగొచ్చు. దీనికోసం సూది పరీక్ష మాత్రం వాయిదా వేయొద్దు. బీపీ మాత్రలు మానొద్దు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లు ఈ స్కాన్ కోసం దాన్ని ఆపాల్సిన పని సాధారణంగా ఉండదు. ఆపమనేది ముఖ్యంగా సీటీ మందు విషయంలో.

సరే, ఎంఆర్ఐ రాశారనుకుందాం. సెంటర్‌కి ముందే ఫోన్ చేసి ‘బ్రెస్ట్ కాయిల్ ఉందా’ అని అడగండి. మెదడు, వెన్నెముక తీసే మెషీన్లు ఇప్పుడు చాలాచోట్ల ఉన్నాయి, కానీ రొమ్ము బొమ్మ తీయడానికి బల్ల మీద అమర్చే ఈ ప్రత్యేకమైన పరికరం, అదే కాయిల్, అన్నిచోట్లా ఉండదు. అది లేకుండా వెల్లకిలా పడుకోబెట్టి తీసిన స్కాన్‌తో ఉపయోగం లేదు. మెషీన్ అయస్కాంత శక్తి 1.5 టెస్లా గానీ 3 టెస్లా గానీ ఉండాలి. ఇరుకంటే భయమని తక్కువ శక్తి ఓపెన్ మెషీన్‌కి వెళ్తే సన్నటి గడ్డలు తెలియవు. శ్రీకాకుళం, విజయనగరంలో దొరక్కపోతే విశాఖ కేజీహెచ్‌లో గానీ అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో గానీ వాకబు చేయండి. మీ కార్డుకి ఏవి వర్తిస్తాయో అక్కడి ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్‌లో చెప్తారు.

నెలసరి మొదటి రోజు నుంచి లెక్కపెట్టి 7 నుంచి 14 రోజుల మధ్య తీస్తే బొమ్మ శుభ్రంగా వస్తుంది. మిగతా రోజుల్లో హార్మోన్ల వల్ల మామూలు రొమ్ము కూడా మందు పీల్చుకుని వెలుగుతుంది, అందులో గడ్డ కలిసిపోతుంది. క్యాన్సర్ అని అప్పటికే తేలినవాళ్లు మాత్రం తేదీల కోసం ఆగక్కర్లేదు. గర్భిణులకి ఈ ఇంజెక్షన్ ఇవ్వరు. అనుమానం ఉంటే సిగ్గుపడకుండా చెప్పాలి.

పుస్తెలు తీయాల్సిందే. బంగారాన్ని అయస్కాంతం లాగదు కదా అంటారు, నిజమే. కానీ సరిగ్గా మేం చూడాల్సిన చోటే ఛాతీ మీద వేలాడుతూ బొమ్మని చెడగొడుతుంది, వేడెక్కనూ వచ్చు. అసలు ప్రమాదం పుస్తెలతాడుకి మనవాళ్లు గుచ్చుకునే పిన్నీసులతో. అవి ఇనుము, ఎగిరిపోతాయి. మెళ్లో ఏమీ లేకుండా ఉండలేమంటే, పసుపుకొమ్ము కట్టిన నూలు పసుపుతాడు వేసుకోవడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. టెక్నీషియన్‌కి చూపించండి. ఏళ్ల తరబడి తీయని ముక్కుపుడక మర బిగుసుకుపోయి ఉంటుంది. ముందురోజే కంసాలి దగ్గర తీయించుకోండి, స్కాన్ గది గుమ్మంలో కుస్తీ పట్టొద్దు. మెట్టెలు, వెండి మొలతాడు, రేకు తాయెత్తు, తలపిన్నులు, హుక్కుల జాకెట్టు అన్నీ బయటే. పేస్‌మేకర్, మెదడులో క్లిప్పు, చెవిలో పెట్టిన వినికిడి యంత్రం, ఎముకల్లో రాడ్లు ఉంటే కాగితాలతో సహా ముందే చెప్పాలి. కాపర్ టీ గురించి చెప్పండి చాలు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ రింగులతో సాధారణంగా ఇబ్బంది ఉండదు. స్కాన్ జరగనప్పుడు కూడా ఆ అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి, తోడు వచ్చినవాళ్లు కూడా సెల్‌ఫోన్‌తో లోపలికి తొంగిచూడకూడదు.

బరువు సరిగ్గా చెప్పండి, మందు కొలత దాన్నిబట్టే. 55 కిలోలుంటే గాడోటెరేట్ 11 మిల్లీలీటర్లు, రెట్టింపు గాఢత ఉన్న గాడోబ్యుట్రాల్ అయితే 5.5. చేతి నరంలో సన్నటి గొట్టం (క్యాన్యులా) ముందే పెట్టి, సెలైన్ ఎక్కించి చూసి, తర్వాత బోర్లా పడుకోబెడతారు. కాయిల్‌లో రెండు గుంటలుంటాయి. రెండు రొమ్ములూ వాటిలోకి నిటారుగా వేలాడాలి. చర్మం మడత పడకూడదు, చనుమొన పక్కకి నొక్కుకోకూడదు, చంకవైపు భాగం కాయిల్ బయట ఉండిపోకూడదు. ఇదంతా సర్దడానికి ఆడ టెక్నీషియన్‌ని గానీ నర్సుని గానీ అడగొచ్చు. మొదట ఐదు నిమిషాలు ఎక్కువ పట్టినా ఫర్వాలేదు, హడావిడిగా పడుకోబెడితే మొత్తం మళ్లీ తీయాల్సి వస్తుంది. రొమ్ముఎముక దగ్గర ఒత్తుకుంటే మెత్త వేయమని అప్పుడే చెప్పండి, మధ్యలో కాదు. చేతులు ఒకదాన్నొకటి తాకేలా కలిపి పెట్టుకోకండి, తొడల మధ్య గుడ్డ ఉంచమనండి. చర్మానికి చర్మం తగిలితే కాలే అవకాశం ఉంది. చెవుల్లో దూది కాదు, వాళ్లిచ్చే ఇయర్‌ప్లగ్గులు పెట్టుకోండి.

ముందు మందు లేకుండా ఒకసారి తీసి, తర్వాత పంపుతో సెకనుకి 2 మిల్లీలీటర్ల చొప్పున మందు, వెనకే 20 మిల్లీలీటర్ల సెలైన్ పంపుతారు. మందు వెళ్లాక ఒకటిన్నర, రెండు నిమిషాల దగ్గర తీసే బొమ్మ చాలా కీలకం. ఆపైన మరో ఐదారు నిమిషాలు వరసగా తీస్తారు. రెండోసారి బొమ్మలోంచి మొదటిదాన్ని తీసివేసి చూస్తారు కాబట్టి, మధ్యలో రెండు మిల్లీమీటర్లు కదిలినా లేని మచ్చ ఉన్నట్టు, ఉన్నది లేనట్టు కనిపిస్తుంది. ఊపిరి మామూలుగా తీసుకోండి, నిట్టూర్చొద్దు. దగ్గు ఉంటే తగ్గాకే వెళ్లండి. మొత్తం అరగంట పని. మందు ఎక్కేటప్పుడు చెయ్యి చల్లబడటం, కాస్త వికారం మామూలే. చెయ్యి మంటపుట్టి వాచినా, గొంతు పట్టేసినట్టున్నా, ఒళ్లు దురద పెట్టినా చేతిలో ఇచ్చిన బంతిని నొక్కండి. ఇంతకుముందు ఏ కాంట్రాస్ట్ మందుకైనా పడకపోయినా, ఆస్తమా ఉన్నా మొదటే చెప్పాలి. అయ్యాక అరగంట అక్కడే కూర్చోండి.

ఎంఆర్ఐలో కొత్త మచ్చ ఏదైనా కనిపిస్తే ఆ చోటుని మళ్లీ అల్ట్రాసౌండ్‌తో వెతికి చూస్తారు. అందుకని ఫిల్ములతోపాటు సీడీ కూడా అడిగి తీసుకోండి, పాత అల్ట్రాసౌండ్, మామోగ్రామ్, ముక్క పరీక్ష రిపోర్టులన్నీ ఒకే కవర్‌లో పెట్టుకోండి. మిమ్మల్ని చూడకుండా రాసిన సలహా ఇది, తుది నిర్ణయం మిమ్మల్ని పరీక్షించే సర్జన్‌దే. ఆ కవర్‌లోకి మొదట చేరాల్సినవి క్రియాటినిన్, ముక్క పరీక్ష రిపోర్టులు. రెండూ ఈ వారంలోనే మొదలుపెట్టండి. వదినగారిని కూడా వెంట తీసుకెళ్లండి, సూది వేసేది ఆవిడే చూస్తారు.